కళ్లజోడు పోయింది, సైటు పోలేదు

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. నాకు 33 ఏళ్లు. మాది హనుమకొండ, సుబేదారి. బ్యాంకులో పనిచేస్తాను. 2017లో హైదరాబాద్‌లో రెండు కళ్లకూ లేసిక్ (అద్దాలు అవసరం లేకుండా చేసే లేజర్ సర్జరీ) చేయించుకున్నాను. అప్పటికి సైటు మైనస్ 6.5 ఉండేది. ఇన్నేళ్లూ అద్దాలు లేకుండా హాయిగా ఉన్నాను. మొన్న సంక్రాంతి తర్వాత మా బాపుకు గ్లాకోమా, అంటే కంటి నరం మెల్లగా దెబ్బతినే జబ్బు, ఉందని తేలింది. పిల్లలు కూడా ఒకసారి చూపించుకోవాలంటే నేనూ వెళ్లాను. కంటి నరాల పొర మందం కొలిచే ఓసీటీ స్కాన్ తీశారు. కుడి కన్ను 82 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు), ఎడమ కన్ను 79 వచ్చింది. రెండింట్లోనూ అక్కడక్కడా ఎరుపు రంగు ఉంది. స్కాన్ తీసిన అబ్బాయి "నరం పల్చబడ్డది సార్" అన్నాడు. ఇంకోచోట చూపిస్తే "లేసిక్ అయిన కళ్లకు మిషన్ అట్లనే చూపిస్తది, పట్టించుకోవద్దు" అన్నారు. కంటి ప్రెషర్ 12, నార్మల్ అన్నారు. ఇంట్లో అమ్మ "లేజర్ వద్దంటే విన్నవా బిడ్డా, కన్ను నరం కాల్చుకున్నవ్" అని ఒకటే బాధ. లేజర్ వల్ల నిజంగా నరం దెబ్బతిన్నదా? లేక లేజర్ వల్ల మిషనే తప్పు చూపిస్తోందా? ప్రెషర్ నార్మల్ ఉంది కాబట్టి ఊరుకోవచ్చా? మా చెల్లె కూడా పెళ్లికి ముందు లేసిక్ చేయించుకుంటానంటోంది. చేయించవచ్చా? రిపోర్టులన్నీ పంపుతున్నాను. దురదకు మెడికల్ షాపులో ఇచ్చిన చుక్కల మందు అప్పుడప్పుడు వేసుకుంటాను, అంతకుమించి మందులేవీ లేవు.

జవాబు: మీ ఉత్తరం రెండుసార్లు చదివాను, కాగితాలు నాలుగుసార్లు చూశాను. మిమ్మల్ని భయపెడుతున్న ఆ ఎరుపు రంగు గురించి నాకు పెద్దగా బెంగ లేదు. మీకు ధైర్యమిస్తున్న 12 గురించి ఉంది. ఉత్తరం చివర్లో ఒక్క ముక్క రాసి వదిలేసిన ఆ దురద మందు గురించి ఇంకా ఎక్కువ ఉంది. అన్నీ చెబుతాను గానీ, ముందు అమ్మ సంగతి చూద్దాం. ఇంట్లో రోజూ ఆ మాట వింటూ ఉంటే ఎవరికైనా టెన్షనే.

లేసిక్‌లో వాడేది ఎక్సైమర్ లేజర్. దాని కాంతి 193 నానోమీటర్ల అల్ట్రావయొలెట్. ఆ కాంతికి కార్నియా, అంటే కంటి ముందున్న పారదర్శకమైన పొర, దాటి లోపలికి పోయే శక్తి లేదు. తగిలినచోటే, మైక్రాన్ లోతులోనే ఇంకిపోతుంది. కాల్చడం కూడా ఉండదు, పొరను సన్నగా చెక్కినట్టు తీసేస్తుంది. చుట్టుపక్కల మాడకుండా శరీర కణజాలాన్ని ఇలా చెక్కవచ్చని మొదట కనిపెట్టినవాళ్లలో మన మద్రాసులో పుట్టిన రంగస్వామి శ్రీనివాసన్ ఒకరు. 1981లో అమెరికాలో ఐబీఎం ల్యాబులో పనిచేస్తూ, పండగ భోజనంలో మిగిలిన టర్కీ కోడి ఎముకలూ మృదులాస్థీ పట్టుకెళ్లి దానిమీద లేజర్ వేసి చూశారు. కంటి నరం ఉండేది కార్నియా నుంచి సుమారు రెండున్నర సెంటీమీటర్ల వెనక. కాబట్టి "నరం కాలింది" అనే మాటకు తావే లేదని అమ్మకు చెప్పండి. నేను చెప్పానని కూడా చెప్పండి, మీరు చెబితే నమ్మకపోవచ్చు.

అయితే డాక్టర్లకు ఒకప్పుడు వేరే అనుమానం ఉండేది. కార్నియా మీద మూతలాంటి సన్నని పొరను, అంటే ఫ్లాప్‌ను, కోసేటప్పుడు కంటిని ఒక రింగుతో గట్టిగా పీల్చి పట్టుకుంటారు. బ్లేడుతో కోసే పద్ధతిలో ఆ కొన్ని క్షణాలు కంటిలో ప్రెషర్ 65 దాటుతుంది. మామూలుగా ఉండేది 10 నుంచి 21. అంత ఒత్తిడికి నరం నలగదా అన్నది న్యాయమైన ప్రశ్నే. దాన్ని తేల్చడానికి సర్జరీకి ముందూ తర్వాతా నరాల పొర మందాన్ని కొలవడం మొదలుపెట్టారు.

ఇక్కడే ఒక తమాషా జరిగింది. నేను పీజీ చేసే రోజుల్లో మా డిపార్ట్‌మెంట్‌లో జీడీఎక్స్ అనే మిషన్ ఉండేది. లేసిక్ అయిన ఒకమ్మాయికి దానిమీద స్కాన్ తీస్తే, మూడు నెలల ముందు బాగున్న పొర ఒక్కసారిగా పల్చబడినట్టు వచ్చింది. ప్రింటు పట్టుకుని నేను కారిడార్లో దాదాపు పరిగెత్తాను. మా ప్రొఫెసర్ ప్రింటు పక్కన పెట్టి, ఆ అమ్మాయి కంటి నరాన్ని తన లెన్సుతో ఐదు నిమిషాలు చూసి, "నరానికేం కాలేదమ్మా, నీ మిషన్‌కే అయింది" అన్నారు.

ఏమైందంటే, ఆ మిషన్ పొర మందాన్ని నేరుగా కొలవదు. పోలరైజ్డ్ కాంతిని పంపి, నరాల పొర దాన్ని ఎంత మెలిపెట్టిందో చూసి, దాన్నిబట్టి మందం లెక్కగడుతుంది. చిక్కేమిటంటే కార్నియా కూడా ఆ కాంతిని మెలిపెడుతుంది. అందుకని మిషన్ చేసినవాళ్లు, అందరి కార్నియా ఇంచుమించు ఇంతే మెలిపెడుతుందని ఒక లెక్క పెట్టుకుని, అంత తీసేసేవాళ్లు. మన ఎనుమాముల మార్కెట్లో మిర్చి బస్తా తూచి, గోనె సంచికింత అని తరుగు తీసినట్టు. సంచులన్నీ ఒకే రకమైతే ఆ తరుగు సరిపోతుంది. కొత్తరకం పల్చటి సంచిలో తెచ్చిన రైతుకు కూడా పాత తరుగే తీస్తే? మిర్చి తగ్గలేదు, కాగితం మీద తగ్గింది. లేసిక్‌తో కార్నియా మారింది, తరుగు మారలేదు. తర్వాత ఎవరి కార్నియాకు తగ్గ తరుగు వాళ్లకు తీసే కొత్త మోడల్ వచ్చింది. దాంతో కొలిస్తే ఆ "పల్చబడటం" మాయమైంది. ఓసీటీతో చేసిన పరిశీలనల్లోనూ లేసిక్‌కు ముందూ తర్వాతా పొర మందంలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. సర్జరీ తర్వాత నరం దెబ్బతిన్న ఒకటీ అరా కేసులు వైద్య పత్రికల్లో ఉన్నాయి, లేవనను. కానీ అవి చాలా అరుదు. పైగా అవి చూపు పోయి బయటపడ్డవి, ఏడెనిమిదేళ్ల తర్వాత స్కాన్‌లో తేలినవి కావు.

మీకు "లేసిక్ అయిన కళ్లకు మిషన్ అట్లనే చూపిస్తది" అన్నవాళ్లు బహుశా ఈ పాత పాఠమే గుర్తుపెట్టుకున్నారు. అది జీడీఎక్స్ పాఠం. మీకు తీసింది ఓసీటీ. ఇది పనిచేసే తీరే వేరు. కంటికి కనిపించని ఎర్రని కాంతిని లోపలికి పంపి, ఏ పొర నుంచి ఎంత ఆలస్యంగా తిరిగొచ్చిందో చూసి మందం కొలుస్తుంది. ముందున్న కార్నియా కొంచెం చదునైనా, పల్చబడినా, వెనక ఉన్న పొర మందం లెక్క దాదాపు మారదు. కాబట్టి "లేసిక్ కదా" అని ఈ ఎరుపును కొట్టిపారేయడానికి లేదు.

మరి ఎరుపు ఎందుకొచ్చింది? మీ సైటు వల్ల. లేజర్ మీ కళ్లజోడు తీసేసింది గానీ సైటు తీయలేదు. వినడానికి వింతగా ఉన్నా అసలు విషయం ఇదే. మైనస్ 6.5 ఉందంటే కన్ను ముందు నుంచి వెనక్కి పొడవుగా పెరిగిందని అర్థం. మామూలు కన్ను 23, 24 మిల్లీమీటర్లుంటే మీ కన్ను 26 దాకా ఉండవచ్చు. లేసిక్ ముందున్న కార్నియాను చదును చేసి, బొమ్మ సరిగ్గా వెనక తెరమీద పడేలా చేసింది. పొడవు ఎంతుందో అంతే ఉంది. వెనక ఉన్న రెటీనా, నరం ఇప్పటికీ మైనస్ 6.5 మనిషివే. రేపు మీరు కొత్త డాక్టరు దగ్గరికెళ్తే అద్దాలు లేని మిమ్మల్ని చూసి ఆ సంగతి ఆయనకు తట్టదు. మీరే చెప్పాలి.

కంటి నరంలో సుమారు పది పన్నెండు లక్షల నరపు పోగులుంటాయి. అవన్నీ రెటీనా నలుమూలల నుంచి బయల్దేరి, నరం మొదలయ్యే గుండ్రటి చోటుకు చేరుకుంటాయి. మేడారం జాతరకు జనం వచ్చినట్టే అనుకోండి. ములుగు దగ్గర రోడ్డుమీద ఎంతమంది ఉంటారు, గద్దెల దగ్గర ఎంతమంది ఉంటారు? గద్దెకు దగ్గరయ్యేకొద్దీ చిక్కదనం. ఓసీటీ ఆ గుండ్రటి చోటు చుట్టూ సుమారు మూడున్నర మిల్లీమీటర్ల వ్యాసంతో ఒక వలయం గీసి, ఆ గీతమీద జనం ఎంత చిక్కగా ఉన్నారో లెక్కపెడుతుంది. పొడవాటి కంట్లో ఆ వలయం పెద్దదై, గద్దెకు ఇంకాస్త దూరంలో పడుతుంది. దూరంగా నిలబడి లెక్కపెడితే తక్కువే కనిపిస్తారు. ఎవరూ జాతర మానుకోలేదు.

ఇంకో సంగతి. ఈ పోగులు ఎక్కువగా రెండు పెద్ద దారుల్లో వస్తాయి, ఒకటి పైనుంచి, ఒకటి కిందినుంచి. మీ ప్రింటులో ఒంటె మూపురాల్లా రెండు గుట్టలున్న నల్ల గీత కనిపిస్తుందే, అవి ఈ దారులే. సైటు ఎక్కువున్న కళ్లలో ఈ రెండు దారులూ చెవి వైపుకు జరుగుతాయి. మిషన్ దగ్గర మాత్రం మామూలు కళ్లవాళ్ల కొలతల పట్టిక ఉంటుంది. అందులో పెద్ద సైటు ఉన్నవాళ్లు తక్కువ. అది పాత దారిలో నిలబడి జనం కోసం చూస్తుంది, మీ జనం పక్క దారిలో పోతున్నారు. దాంతో పాతచోట ఎరుపు పడుతుంది. ఎరుపు అంటే జబ్బు అని కాదు. మామూలువాళ్లు వందమందిలో ఒక్కరికి మాత్రమే ఇంత తక్కువ ఉంటుంది అని, అంతే.

ఇది ఊహించి చెప్పడం లేదు, మీ కుడి కంటి ప్రింటులోనే ఉంది. కాగితం తీసి చూడండి. గడియారంలా పన్నెండు ముక్కలుగా ఒక చక్రం ఉంది. 1 గంట దగ్గర, 5 గంటల దగ్గర ఎరుపు. రెండూ ముక్కు వైపువే. ఇప్పుడు 8, 9, 10 గంటల వైపు చూడండి, అది చెవి వైపు. అక్కడ తెలుపు ఉంది. తెలుపు అంటే మామూలుకన్నా మందం. ముక్కు వైపు తగ్గినది చెవి వైపు తేలింది. గీతలో రెండు గుట్టలూ ఉన్నాయి, ఎత్తుగానే ఉన్నాయి, ఆకుపచ్చ పట్టీలో ఉండాల్సిన చోటు నుంచి రెండు చివరలకూ జరిగి ఉన్నాయి. గ్లాకోమా సాధారణంగా మొదట దెబ్బకొట్టేది కుడి కంట్లో 7 గంటల చోటును, తర్వాత 11 గంటల చోటును. మీకు ఆ రెండూ ఆకుపచ్చగా, అంటే మామూలుగా ఉన్నాయి. అందుకే బెంగ లేదన్నాను. అలాగని మీకు గ్లాకోమా లేదని ఇక్కడ కూర్చుని సర్టిఫికెట్ ఇవ్వలేను, నరాన్ని కళ్లతో చూడనిదే ఎవరూ ఇవ్వకూడదు.

ఎడమ కంటి 79 సంగతి వేరు. ఆ ప్రింటు పైభాగంలో సిగ్నల్ స్ట్రెంత్ అని ఉంటుంది చూడండి. పదికి ఐదు ఉంది. ఆ మిషన్‌లో కనీసం ఆరు ఉంటేగాని స్కాన్ నమ్మదగినది కాదు. సిగ్నల్ తగ్గితే పొర కూడా ఉన్నదానికన్నా పల్చగా కనిపిస్తుంది. ఇందులో లేసిక్‌కు పరోక్షంగా కొంత పాత్ర ఉండవచ్చు. ఫ్లాప్ కోసేటప్పుడు కార్నియాలోని సన్నటి నరాలు తెగి కళ్లు పొడిబారతాయి. చాలామందికి కొన్ని నెలల్లో తగ్గుతుంది, కొందరికి మిగిలిపోతుంది. దానికి తోడు మీరు పొద్దంతా బ్యాంకులో ఏసీ కింద కంప్యూటర్ చూస్తూ ఉంటారు. స్కాన్‌కు కూర్చోబెట్టినప్పుడు ఏం జరుగుతుందో గుర్తుచేసుకోండి. గడ్డం ఆనించారు, నుదురు ఆనించారు, లోపల గుర్తును చూడమన్నారు, "రెప్ప కొట్టకండి సార్" అన్నారు. మీరు బుద్ధిగా కళ్లు విప్పార్చి కూర్చున్నారు. పొడి కన్ను పది సెకన్లు అలా ఉంటే కన్నీటి పొర విడిపోతుంది, మంచు పట్టిన కిటికీలోంచి ఫోటో తీసినట్టవుతుంది. ఈసారి ముందే కన్నీళ్లలాంటి చుక్కలు వేయించుకోండి. "ఒక్కసారి రెప్పలు కొట్టనివ్వండి, అప్పుడు తీయండి" అని అడగండి. కోప్పడితే కోప్పడనివ్వండి. ఆ ఒక్క స్కాన్ తిరిగి తీస్తే 79 కాస్తా 84, 85 అయినా నేను ఆశ్చర్యపోను.

ఇక 12.

కంటి ప్రెషర్ కొలిచే పద్ధతులన్నీ ఏదో రకంగా కార్నియాను నొక్కి చూసేవే. మీకు గాలి ఊది చూశారు. గోల్డ్‌మన్ పద్ధతిలో చిన్న మొనతో నొక్కుతారు. 1950ల్లో ఆ పరికరం తయారైనప్పుడు కార్నియా మందం 520 మైక్రాన్ల దరిదాపుల్లో ఉంటుందని లెక్క వేసుకున్నారు. సైకిల్ ట్యూబులో గాలి ఎంతుందో వేలితో నొక్కి చూస్తాం కదా. ట్యూబు పల్చటిదైతే గాలి నిండుగా ఉన్నా మెత్తగానే తగులుతుంది. మీ పాత డిశ్చార్జ్ కాగితంలో సర్జరీకి ముందు కార్నియా మందం 548 ఉంది, ప్రెషర్ 17. ఇప్పుడు మందం 452. అంటే 96 మైక్రాన్లు లేజర్‌తో పోయాయి. మైనస్ 6.5కు అంత పోవడం మామూలే, అందులో పొరపాటేమీ లేదు. కానీ ఇప్పటి 12 నిజంగా 12 అయ్యుండవచ్చు, 15 అయ్యుండవచ్చు, పాత 17 అలాగే ఉండి పల్చటి ట్యూబు వల్ల 12గా తగలవచ్చు. ఇన్ని మైక్రాన్లు పోతే ఇంత కలుపుకోండి అని ఇంటర్నెట్‌లో ఫార్ములాలు దొరుకుతాయి. వాటితో కూడికలు చేయకండి. లేసిక్ అయిన కంటికి అన్నివేళలా నమ్మదగిన ఫార్ములా ఏదీ లేదు. కార్నియా మందం ప్రభావం తక్కువగా ఉండే పరికరాలు, డైనమిక్ కాంటూర్ టోనోమీటర్ లాంటివి, కొన్ని పెద్ద ఆసుపత్రుల్లో ఉంటాయి. అక్కడ ఒకసారి కొలిపించుకుంటే మంచిది.

మీ మూడో ప్రశ్నకు జవాబు కూడా దీంట్లోనే ఉంది. 12 చూసి ఊరుకోకూడదు. లేసిక్ మార్చేది నరం స్కాన్‌ను కాదు, ప్రెషర్ అంకెను. జనం మాత్రం స్కాన్‌ను అనుమానించి ప్రెషర్‌ను నమ్ముతారు. డాక్టర్లు కూడా తొందరలో ఉంటే అదే చేస్తాం, నాతో కలిపి.

పైగా మీకు రిస్క్ రెండువైపుల నుంచి ఉంది. ఒకటి బాపుకు ఉండటం. రెండోది సైటే. ఆస్ట్రేలియాలోని బ్లూ మౌంటెన్స్‌లో 49 ఏళ్లు, ఆ పైబడినవాళ్లను పరీక్షించి 1999లో ఫలితాలు చెప్పారు. సైటు లేనివాళ్లలో 1.5 శాతం మందికి గ్లాకోమా ఉంటే, మైనస్ 3 దాటినవాళ్లలో 4.4 శాతం మందికి ఉంది. మళ్లీ చెబుతున్నా, ఈ లెక్కలో మీరు అద్దాలు లేని మనిషి కాదు, మైనస్ 6.5 మనిషి. మన దగ్గరా 1996 నుంచి 2000 వరకు ఆంధ్రప్రదేశ్ కంటి జబ్బుల సర్వే జరిగింది. ఎంచుకున్న నాలుగు ప్రాంతాల్లో ఆదిలాబాద్ జిల్లా ఒకటి. గ్లాకోమా ఉన్నవాళ్లలో అత్యధికులకు అది ఉన్నట్టే తెలియదని అందులో బయటపడింది. నొప్పి ఉండదు, కన్ను ఎర్రబడదు, చూపు పక్కల నుంచి మెల్లగా పోతుంది. మీ బాపుకు ఇప్పటికైనా తెలిసిందంటే అదృష్టమే. మన పెద్దవాళ్లు దీన్ని నీటికాసులు అంటారు. శుక్లం లాంటిదే, ముదిరాక ఆపరేషన్ చేయించుకుందాం అని కూర్చునేవాళ్లను వారానికి ఒకరినైనా చూస్తాను. శుక్లం తీస్తే చూపు తిరిగొస్తుంది, దీంట్లో పోయింది పోయినట్టే.

ఇప్పుడా దురద మందు. ఎండాకాలం వచ్చిందంటే దుమ్ము, మిర్చి ఘాటు, కళ్లు దురద. నేరుగా మెడికల్ షాపుకెళ్లి "కళ్లకు మందియ్యన్నా" అంటాం. వెంటనే తగ్గాలని ఆయన ఇచ్చేదాంట్లో చాలాసార్లు స్టెరాయిడ్ ఉంటుంది. సీసా మీద సన్న అక్షరాలుంటాయి, ఫోన్‌తో ఫోటో తీసి పెద్దగా చేసి చదవండి. డెక్సామెథసోన్, బీటామెథసోన్, ప్రెడ్నిసొలోన్, ఫ్లోరోమెథలోన్ అనే పేర్లలో ఏదైనా ఉంటే అది స్టెరాయిడే, పక్కన యాంటీబయోటిక్ పేరు కలిసి ఉన్నా సరే. కొందరికి ఈ చుక్కలు వారాల తరబడి వాడితే కంటి ప్రెషర్ పెరుగుతుంది. ఇంట్లో గ్లాకోమా ఉన్నవాళ్లకు, పెద్ద సైటు ఉన్నవాళ్లకు ఆ అవకాశం ఇంకా ఎక్కువ. మీకు ఆ రెండూ ఉన్నాయి. లేసిక్ అయిన కంట్లో ఇంకో మెలిక ఉంది. ప్రెషర్ బాగా పెరిగితే ఒక్కోసారి ఫ్లాప్ కింద నీరు చేరుతుంది. అప్పుడు మిషన్ నొక్కేది ఆ నీటి తిత్తిని. లోపల 30 ఉన్నా బయటికి 10 అని చూపించగలదు. అందుకే నాకు ఎరుపు కన్నా ఈ సీసా భయం. దాన్ని ఇక వేసుకోకండి. రోజూ వేసుకునే అలవాటైపోయి ఉంటే మాత్రం మీ అంతట మీరు ఆపకుండా డాక్టర్‌కు చూపించి ఆపండి. దురదకు స్టెరాయిడ్ లేని మందులున్నాయి, అడిగి రాయించుకోండి.

డాక్టర్ దగ్గరికి వెళ్లేటప్పుడు ఆ సీసా జేబులో వేసుకెళ్లండి. మీ పాత ఫైల్ కూడా. 2017లో సర్జరీ చేసినచోట సైటు, కార్నియా మందం, కార్నియా వంపు, ప్రెషర్ రాసిన పూర్తి కాగితాలు అడగండి. ఏళ్లు గడిచేకొద్దీ దొరకడం కష్టం, కాబట్టి ఈ నెలలోనే అడగండి. అవి ఇంకోందుకూ పనికొస్తాయి. మీకు అరవై ఏళ్లొచ్చి శుక్లం ఆపరేషన్ అవసరమైతే, లేసిక్ అయిన కంట్లో లెన్స్ పవర్ లెక్క తప్పే అవకాశం ఎక్కువ, పాత కొలతలుంటే డాక్టర్‌కు చాలా సాయం. ఓసీటీ మిషన్లలో కొన్ని కార్నియా వంపు అంకె అడుగుతాయి. అక్కడ మాత్రం పాతది కాదు, ఇప్పటిది కొట్టాలి.

గ్లాకోమా చూసే డాక్టర్‌కే చూపించండి. వరంగల్‌లో ప్రభుత్వ ప్రాంతీయ కంటి ఆసుపత్రి ఉంది, మీకు దగ్గరే. కంటి లోపలి నీరు బయటికి పోయే మూల తెరిచి ఉందో లేదో లెన్సు పెట్టి చూస్తారు, నరం ఫోటో తీస్తారు, రెటీనా మధ్య భాగంలోని కణాల పొరను కూడా ఓసీటీలో చూస్తారు. సైటు ఎక్కువున్నవాళ్లకు ఈ మధ్య భాగం స్కాన్ ఒక్కోసారి నరం స్కాన్ కన్నా నమ్మకంగా ఉంటుంది. ఫీల్డ్ టెస్ట్ కూడా చేస్తారు. గిన్నెలాంటి దాంట్లోకి చూస్తూ, చుక్క వెలుగు కనపడినప్పుడల్లా బటన్ నొక్కాలి. మామూలుగా చేసే టెస్టులో 54 చోట్ల చూస్తారు. మొదటిసారి చాలామందికి చెడ్డగా వస్తుంది, చేయి అలవాటు పడక. రాత్రి డ్యూటీ చేసి వెళ్లకండి, భోజనం చేసి వెళ్లండి. చెడ్డగా వస్తే మళ్లీ చేయమని అడగండి, అప్పుడే కంగారుపడకండి.

ఇదంతా అయ్యాక వచ్చే అంకెలను ఇకపై మీ మొదటి కొలతగా పెట్టుకోండి. ఆరు నెలలకో, డాక్టర్ చెప్పినప్పుడో, మళ్లీ స్కాన్. అదే మిషన్ మీద. ఒక కంపెనీ మిషన్‌లో 82 వచ్చి, ఇంకో కంపెనీ మిషన్‌లో 90 వచ్చిందంటే నరం పెరగలేదు. అదే మిషన్‌లో కూడా నాలుగైదు మైక్రాన్లు అటూఇటూ అవుతాయి. వయసుతోపాటు ఏడాదికి ఒక మైక్రాన్ లోపు తగ్గడం అందరికీ ఉన్నదే. వరసగా రెండు మూడు స్కాన్లలో, ఒకేచోట, అంతకుమించి తగ్గుతూ పోతే అప్పుడు అది మాట్లాడుతున్నట్టు. రంగులు చూడకండి. రంగు మిమ్మల్ని ఎవరెవరితోనో పోలుస్తుంది. మీకు కావాల్సింది నిరుటి మీతో పోలిక.

చెల్లెలి సంగతి. బాపుకు గ్లాకోమా ఉన్నంత మాత్రాన లేసిక్ చేయించకూడదని లేదు. ఆమె నరం, ప్రెషర్, ఫీల్డ్ బాగుంటే, కార్నియా చాలినంత మందంగా ఉంటే, సైటు ఏడాదిగా మారకుండా ఉంటే చేయించవచ్చు. గ్లాకోమా అనుమానం ఏమాత్రం ఉన్నా ముందు అది తేలాలి, పెళ్లి ముహూర్తం చూసి తొందరపడకూడదు. ఫ్లాప్ లేకుండా, పీల్చి పట్టుకోకుండా చేసే పీఆర్‌కే పద్ధతి ఉందని డాక్టర్‌ను అడగవచ్చు. దాంట్లో తర్వాత స్టెరాయిడ్ చుక్కలు ఎక్కువ రోజులు వేయాల్సి వస్తుంది, అప్పుడు ప్రెషర్ చూపించుకుంటూ ఉండాలి. చేయించుకునేముందు మాత్రం ఓసీటీ, నరం ఫోటో, గోల్డ్‌మన్ ప్రెషర్, కార్నియా మందం, కంటి పొడవు, ఇవన్నీ తీయించి రెండు కాపీలు పెట్టుకోమనండి. ఒకటి పుట్టింట్లో, ఒకటి అత్తింట్లో. మీ ఫైల్లో 548, 17 అనే రెండు అంకెలు లేకపోయుంటే మీ 12 గురించి నేనూ ఇంత గట్టిగా మాట్లాడేదాన్ని కాదు.

ఎడమ కంటి స్కాన్ తిరిగి తీయించాక ఆ ప్రింటు, ఫీల్డ్ టెస్ట్ ప్రింటు, ఆ చుక్కల సీసా ఫోటో, మూడూ పంపండి.